గలేబు మీద గలేబు

నేను పాఠం చెబుతుంటే నిద్రపోయిన పిల్లలు మా కాలేజీలో లేరు. గొప్పకు చెప్పడం లేదు అని అనను. గొప్పకే చెబుతున్నాను. నయాపూల్ దగ్గర ఒక పాత భవనంలో నడిచే డిగ్రీ కాలేజీ మాది. కిటికీ తెరిస్తే కోర్టు రోడ్డు హారన్లు, మూస్తే ఉక్కపోత. ఆ గదుల్లో నా ఉద్యోగకాలమంతా ఇంగ్లీషు చెప్పి, గొంతు ఏమాత్రం తగ్గకుండానే రిటైరయ్యాను.

ఇంగ్లీషు భాష చరిత్ర అని ఒక పేపరుండేది. దాని పేరెత్తితే తోటి లెక్చరర్లు ముఖం చాటేసేవాళ్లు. నేను అడిగి మరీ తీసుకునేదాన్ని. ఏటా ఆ పేపర్లో ఒక రోజు ఒకే ఒక్క మాట మీద గంట మొత్తం చెప్పేదాన్ని. ఆ మాట బేర్. ఆ క్లాసుకు వేరే గ్రూపుల పిల్లలు కూడా వచ్చి గోడకానుకుని నిలబడేవాళ్లు.

“బేర్ అంటే ఏంది?” అని మొదలుపెట్టేదాన్ని. ముందు బెంచీ వాళ్లు ఎలుగుబంటి మేడమ్ అనేవాళ్లు. వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు “బేరర్, దో చాయ్” అని కేకేసేవాడు. వాణ్ణి తిట్టకుండా అక్కణ్ణుంచే అందుకునేదాన్ని. ఇరానీ హోటల్లో చాయ్ తెచ్చేవాణ్ణి బేరర్ అని ఎందుకంటారు? మోసుకొస్తాడు కనక. వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో దాన్ని బెరన్ అనేవాళ్లు. మోయడానికీ, కనడానికీ, ఓర్చుకోవడానికీ వాళ్లకు అదొక్కటే మాట. బర్త్ దాని చుట్టమే, బర్డెన్ కూడా. సామాను తోసుకుపోయే బండి బ్యారో. స్కాట్లాండు వైపు పసిపిల్లను బేర్న్ అంటారు, మోసి కన్నది అని. పాడెను బియర్ అంటారు. ఈ మాట దగ్గర క్లాసంతా గొల్లుమనేది. నవ్వనిచ్చేదాన్ని. పుట్టుకకూ పాడెకూ ఒకటే ఇంటి పేరు అని బోర్డు మీద రాసేసరికి నవ్వులు వాటంతటవే తగ్గేవి.

పేరు కలిసినా చుట్టరికం కలవనివీ ఉన్నాయి. బార్లీ గింజను ఒకప్పుడు బేర్ అనేవాళ్లు, ఆ గింజలు దాచే కొట్టమే బార్న్ అయింది. దిండుకు తొడిగే గలేబును పిలో-బేర్ అనేవాళ్లు. దానికి అటూఇటూ చుట్టాలున్నారు గానీ పుట్టిల్లు మాత్రం సరిగ్గా తేలలేదు. మోసే బేర్‌కు నిజంగానే చుట్టమైనది బేరింగ్-క్లాత్, చంటిపిల్లను మొదటిసారి చర్చికి ఎత్తుకెళ్లేటప్పుడు చుట్టే గుడ్డ. ఈ మాట ఇంట్లో చెబితే మా ఆయన పడీపడీ నవ్వారు. ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేశారు. “బేరింగు తుడిచే గుడ్డ ఎట్లుంటదో నువ్వు నాకు చెప్తున్నవా?” అన్నారు.

ఎలుగుబంటిని మాత్రం చివరికి ఉంచుకునేదాన్ని. ఉత్తరాన చలిదేశాల్లో అడవి పక్కన బతికిన మనుషులకు ఆ జంతువంటే ఎంత భయమంటే, దాని అసలు పేరు నోట పలికేవాళ్లు కాదట. పలికితే వస్తుందని. గోధుమరంగుది అనేవాళ్లు. బేర్ అనే మాటకు అర్థం అదేనంటారు. అలా అనగా అనగా అసలు పేరు ఏమిటో కూడా ఆ భాషలో ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. మనం చీకటి పడ్డాక పామును పురుగు అనడం లేదా, ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు అనడం లేదా అని అడిగేదాన్ని. పిల్లలు తలలూపేవాళ్లు. భయపడి పేరు దాచిపెడితే పేరు పోతుంది గానీ భయం పోదు అని ముగించేదాన్ని. గంట కూడా సరిగ్గా అప్పుడే కొట్టేవాడు మా అటెండరు. నా క్లాసు అంత పద్ధతిగా ఉండేది.

నాకా జంతువుతో సొంత పరిచయం కూడా ఉంది. నేను పుట్టిందీ పెరిగిందీ జహనుమాలో ఇప్పుడున్న ఇంట్లోనే. మా ఆయనకు డిపో దగ్గరని పెళ్లయ్యాక ఇక్కడే ఉండిపోయాం. ఇల్లరికం అని ఎవరైనా అంటే ఆయనకు ఇప్పటికీ కోపం. నా చిన్నప్పుడు ఎలుగుబంటిని ఆడించేవాడు మా గల్లీకి వచ్చేవాడు. పిల్లలకు జడుపు పోవాలని దాని వీపు మీద కూర్చోబెట్టేవాళ్లు, దాని వెంట్రుక రాగి తాయెత్తులో పెట్టి మెడలో కట్టేవాళ్లు. నన్నూ కూర్చోబెట్టారు. ముతక కంబళి మీద కూర్చున్నట్టుంది, కింద దాని ఊపిరి ఆడుతోంది. నేను ఏడవలేదు. ఈ విషయంలో పక్కింటి ఖాలా మాట నమ్మకండి.

ఖాలా గురించి చెప్పాలి. ఖాలా అంటే ఉర్దూలో పిన్ని, గల్లీ అంతా ఆమెను అలాగే పిలుస్తుంది. డెబ్బై దాటింది. ఆ రోజుల్లో కొత్త కోడలిగా ఆ ఇంటికి వచ్చి, తలుపు పరదా సందులోంచి ఎలుగుబంటిని చూసిందట. నేను బేర్‌మని ఏడ్చానని, లాగు కూడా తడిపానని ఇన్నేళ్లుగా గల్లీకంతా చెబుతోంది. నేను కాదంటాను. మా ఇద్దరికీ ఇది తెగని తగువు. ఇద్దరం మాట పడే రకం కాదు కనక బాగానే సాగుతోంది.

మా గల్లీలో ఒక ఆవాల మెత్త ఉంది. దిండును మేం మెత్త అంటాం. పుట్టిన పిల్లకు తల గుండ్రంగా రావాలని, దూదికి బదులు ఆవాలు పోసి కుట్టిన చిన్న మెత్త మీద పడుకోబెడతారు. చాలా ఇళ్లలో ఎవరికి వాళ్లే కుట్టుకుంటారు. మా గల్లీలో మాత్రం అందరికీ ఒకటే. అది ఖాలా వాళ్ల అత్తగారు, ఖాలా మాటలో సాస్, కుట్టింది. ఉంచేది ఖాలా ఇంట్లోనే. ఎవరింట్లో కాన్పయితే వాళ్లు తీసుకెళ్తారు, పిల్ల లేచి కూర్చుని ఆడే వయసొచ్చాక కడిగి ఎండబెట్టి, కొత్తగా ఒక గుప్పెడు ఆవాలు పోసి తిరిగిస్తారు. హిందువులా, ముసల్మానులా, చర్చికి పోయేవాళ్లా అని లేదు. దానికి రెండే పద్ధతులు. ఒకటి, ప్రతి ఇల్లూ ఇంట్లో వాడిన పాత గుడ్డతో ఒక గలేబు కుట్టి, బిడ్డ పుట్టాక, అంతకుముందున్న గలేబు తీయకుండా దాని మీదే తొడుగుతుంది. లోపలివి అరిగిపోతుంటాయి, పైన కొత్తవి వస్తుంటాయి. రెండు, మెత్త కావాలని కనబోయే మనిషే స్వయంగా వెళ్లి నోటితో అడగాలి. తల్లి అడిగినా అత్త అడిగినా ఇవ్వరు.

నేను రిటైరవడానికి మూడేళ్ల ముందు మా అమ్మాయి వెళ్లి అడిగింది. ఏడో నెల. పుట్టింటికి వచ్చిన రోజే చెప్పులు కూడా విప్పకుండా ఖాలా ఇంటికి వెళ్లి మెత్త చంకన పెట్టుకుని వచ్చింది. ఆ రాక నాకు కళ్లకు కట్టినట్టుంది. ఆ నెలలోనే బిడ్డ కడుపులో కదలడం ఆగిపోయింది. ఆడపిల్ల. ఆసుపత్రి నుంచి వచ్చిన కొన్నాళ్లకు అమ్మాయి లేచి, మెత్తను ఖాలా ఇంటి గడప మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేసింది. తర్వాత భర్తతో ఊరికి ఆ చివర కాపురానికి వెళ్లిపోయింది. మా గల్లీకి రావడం తగ్గించేసింది.

నేను రిటైరైన ఏడాది అది మళ్లీ నెల తప్పింది. ఎనిమిదో నెలలో వచ్చింది. డాక్టరు అన్నీ బాగున్నాయని చెప్పింది. అల్లుడు షిఫ్టు డ్యూటీల మధ్య వచ్చి చూసి పోతున్నాడు. వచ్చిన పూటే మా అమ్మాయి మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది.

“ఇంట్ల ఆ ముచ్చట ఎవ్వరు తియ్యొద్దు. పేర్లు వద్దు, బట్టలు వద్దు, ఊయల వద్దు. డెలివరీ అయినంక మాట్లాడుకుందాం.”

అన్నట్టే నడిపించింది. పొట్టను ఇది అనేది. స్కానింగుకు వెళ్లడాన్ని బయట పని అనేది. లోపల తన్నినప్పుడు ఒక్క క్షణం ఆగి, మళ్లీ ఏమీ జరగనట్టు కూరగాయలు తరిగేది. మొదటిసారి ఆ తన్నులకు ఇల్లంతా పిలిచి చూపించిన పిల్ల ఇది. ఎలుగుబంటి పేరు పలకని ఆ చలిదేశపు మనుషులు నా ఇంట్లోకే వచ్చి కూర్చున్నారు. క్లాసులో చెప్పడానికి సరదాగానే ఉంటుంది, వంటింట్లో ఎదురుగా చూడడం వేరు. పుట్టబోయే బిడ్డ గురించి నాకు బెంగ లేదు, డాక్టరు మాట మీద నాకు నమ్మకం ఉంది. నా బెంగంతా నా బిడ్డ గురించే. తొమ్మిది నెలలూ మోస్తూ, మోస్తున్నానని ఒక్కసారి కూడా సంతోషపడకుండా కంటుందా అని.

నేను ఊరుకునే మనిషిని కాను. ముందు ఖాలా ఇంటికి వెళ్లాను. ఆమె చెక్క తఖ్తు బల్ల మీద కూర్చుని వెల్లుల్లి ఒలుస్తోంది.

“మెత్త ఇయ్యి ఖాలా,” అన్నాను.

ఆమె తల ఎత్తకుండానే అడిగింది. “నువ్వు మోస్తున్నవా టీచరమ్మా?”

“ఈ వయసుల నేనేం మోస్త. నా బిడ్డకు.”

“మరి నీ బిడ్డకు నోరు లేదా? మోసేటామె వచ్చి అడగాలె. మా సాస్ ఉన్నప్పటి సంది గట్లనే నడుస్తున్నది. నీ కోసం మారుస్తనా?”

“దానికి భయం ఖాలా. నీకు తెల్వదా ఏంది?”

“ఎందుకు తెల్వదు. భయమైతే భయంతోనే రమ్మను. భయం ఇంట్ల పెట్టి రావాలె అని నేనెప్పుడన్న అన్ననా?” ఒలిచిన పొట్టు ఊదింది. “నువ్వు కూడ ఎలుగుబంటి మీద ఏడ్సుకుంటనే కూసున్నవ్.”

“నేను ఏడ్వలే.”

“ఏడ్సినవ్. నేను చూసిన.”

నాకు ఒళ్లు మండింది. “నీ మెత్త నువ్వే ఉంచుకో. నేను ఆవాలు కొనుక్కొచ్చి నేనే కుట్టుకుంట,” అన్నాను.

“కుట్టుకో. చాంద్రాయణగుట్టల మస్తు దుకాణాలున్నయ్. మెత్తకు గాకపోతే పోపుకన్న పనికొస్తయ్.”

మాట అన్నాక వెనక్కి తీసుకోవడం నా వల్ల కాదు. మర్నాడే చాంద్రాయణగుట్ట వెళ్లాను. ఫ్లైఓవర్ కింద కిరాణా హోల్‌సేల్ దుకాణంలో ఆవాలు కొన్నాను. ఆ సేటు “పచ్చళ్ల సీజన్ కాదు గదమ్మా, ఇన్నెందుకు?” అని అడిగితే, నా ఇష్టం అన్నాను. కడిగి, డాబా మీద ఎండబోసి, నా పాత వాయిల్ చీర చింపి మెత్త కుట్టాను. నాకు కుట్టు రాదు. ఒక మూల పావురం గుడ్డులా ఉబ్బింది. కుట్టు సందులోంచి ఆవాలు కారుతున్నాయి. అయినా నాకు నచ్చింది. సమయం చూసి ఇద్దామని బియ్యం డబ్బా వెనక దాచాను.

ఆవాలు కారుతాయన్న సంగతి మరిచిపోయాను. మధ్యాహ్నం బియ్యానికి వెళ్లిన అమ్మాయి కాళ్ల కింద ఆవాలు జరజరమన్నాయి. ఆ జాడ వెంటే వెళ్లి మెత్త బయటికి తీసింది. నేను గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాను. ఇంకేం చేయాలో తోచక పాఠం మొదలుపెట్టాను. నిజం. భయపడ్డ మనిషి పేరు దాచడం గురించి, గోధుమరంగుది గురించి, పిలో-బేర్ గురించి, అదే గొంతుతో, అదే వరసలో. కూతురి ముందు కూడా నేను లెక్చరర్నే.

అది విన్నంతసేపు విని మెత్తను నేలకు కొట్టింది. మూల కుట్టు విడిపోయి ఆవాలు వంటిల్లంతా పరుచుకున్నాయి.

“దుకాణంల దొరికేదైతే నేను కొనుక్కోనా అమ్మా? ఇంగ్లీషు పాఠం వినకపోతే నాకు సమజ్ కాదా? ఆ మెత్తకు నేను గలేబు కుట్టిన. ఆకుపచ్చ పూలది, నీ పాత లంగా ఓణీ గుడ్డ. బిడ్డ పుట్టినంక తొడగాలె అని అందరికి ఎరుకనే. నేను ఆగలే. తెచ్చిన దినమే తొడిగిన. తొడిగి, ఆ మెత్త పొట్ట మీద పెట్టుకోని పండుకున్న. వాపసిచ్చినప్పుడు గూడ గలేబు దానికే ఉండె, తియ్యనీకి చేతులు రాలే. ఇప్పుడు చెప్పు. నా గలేబు పడ్డ మెత్త మీద ఎవరు తమ బిడ్డను పండవెడ్తరు? ఖాలా దాన్ని చింపి పొయ్యిల పెట్టి ఉంటది. నేను ఏం ముఖం పెట్టుకోని అడగాలె?”

ఇది నాకు తెలియదు. గలేబు సంగతి మూడేళ్లుగా ఒక్కమాట కూడా చెప్పలేదు నాకు. దాని భయం బిడ్డ పోతుందని మాత్రమే అనుకున్నాను. తన చేతి వల్లే పోయిందని, తన చెయ్యి తగిలిన వస్తువు గల్లీ పిల్లలకు కూడా కీడని లోపల మోస్తోందని అప్పుడే తెలిసింది. నోట్లో ఉన్న ఇంగ్లీషంతా ఆరిపోయింది.

“మెత్త పారెయ్యలే బిడ్డా,” అన్నాను. “గల్లీ చివరింటి పిల్ల దాని మీదనే పండింది. నేను చూసిన.”

“అయితే గలేబు చింపినట్టే,” అని లోపలికి వెళ్లిపోయింది.

నేను కింద కూర్చుని ఆవాలు ఎత్తడం మొదలుపెట్టాను. మా ఆయన చీపురు తెచ్చి పక్కన కూర్చున్నారు. ఆయన మాట్లాడేదే తక్కువ. ఆవాలు ఒక మూలకు ఊడుస్తూ అన్నారు. “ఇన్ని దినాలు చప్పుడే లేకుండె. ఇవ్వాళ చేసింది. బండి గూడ అంతే, చప్పుడు చేస్తే ఎక్కడ గ్రీజు పెట్టాల్నో తెలుస్తది. చప్పుడు చెయ్యని బేరింగుతోనే భయం.” ఎత్తిన ఆవాలు డబ్బాలో పోశాను. అవి పోపుకే పనికొచ్చాయి. ఆ ఏడంతా మా ఇంట్లో చిటపటలాడుతూనే ఉన్నాయి.

రెండు రోజులు ఇంట్లో ఎవరి పని వాళ్లు చేసుకున్నాం. ఖాలాను నేను వెళ్లి అడిగేయవచ్చు. అడగలేదు. చింపేశాను అంటే ఆ మాట తెచ్చి అమ్మాయికి చెప్పే ధైర్యం నాకు లేదు. నాకు ధైర్యం లేని సందర్భాలు తక్కువ, అందుకే గుర్తుంది.

మూడో రోజు పొద్దున నీళ్లు పట్టుకుని లోపలికి వస్తుంటే అమ్మాయి చెప్పులేసుకుంటోంది. వంగలేక గోడ పట్టుకుని కాలితోనే వెతుక్కుంటోంది.

“ఏడికి?”

“ఖాలా దగ్గరికి. మెత్త అడగనీకి కాదు. నా గలేబు ఏం చేసిందో అడుగుత. ఏదో ఒకటి తెల్వాలె నాకు.”

బిందె అక్కడే దించి వెనక నడిచాను. రావద్దని అనలేదు. అన్నా వెళ్లేదాన్ని.

ఖాలా దాన్ని చూసి తఖ్తు మీద చోటిచ్చింది. ఎట్లున్నవ్, ఏం తిన్నవ్ అనే కుశలప్రశ్నలు కూడా వేయలేదు. మా అమ్మాయి నిలబడే అడిగింది.

“ఖాలా, నా గలేబు ఏం చేసినవ్?”

“ఏం చేస్త?” అంది ఖాలా. మోకాళ్లు పట్టుకుని లేచి లోపలికి వెళ్లింది. ఇనప పెట్టె మూత తీసిన చప్పుడు వినిపించింది. తెల్లగుడ్డలో చుట్టిన మెత్త తెచ్చి తఖ్తు మీద పెట్టింది. పైన నీలిచారల గలేబు ఉంది. దాని మూతి దగ్గర వేలు దూర్చి, ఉల్లిపొర తీసినట్టు కొంచెం వెనక్కి లాగింది.

కింద ఆకుపచ్చ పూలు. చిన్న చిన్న కుట్లు, నా కూతురు కుట్టినవే, అంచు మడతతో సహా. ఎక్కడా చిరగలేదు. కొంచెం వెలిసింది, అంతే.

“ఈ పైది చివరింటి కోడలిది,” అంది ఖాలా. “ఆమె అడగనీకి వచ్చినప్పుడు నేనే చెప్పిన. బేటీ, దీని మీద గిట్ల ఒక గలేబున్నది, ఆ బిడ్డ దక్కలేదు. తీసెయ్యనా అని. ఆమె చేతిల పట్టుకోని చూసింది. ఇంత మంచిగ కుట్టినదాన్ని ఎందుకు తీసుడు ఖాలా, ఉండనియ్యి అన్నది. దాని మీదనే ఆమెది తొడిగింది. ఏడాది పండింది ఆమె బిడ్డ. ఇప్పుడు చూస్తున్నవ్ గదా, పొద్దు లేస్తే గల్లీ అంత లొల్లి లొల్లి చేస్తది.”

బయట ఆ లొల్లి వినిపిస్తూనే ఉంది. చివరింటి పిల్ల ఎవరి పళ్లెమో తీసుకుని గరిటెతో వాయిస్తోంది. వాళ్లమ్మ ప్రసూతి ఆసుపత్రిలో ఆయా. ఆమె చర్చికి వెళ్తూ ఎదురుపడినప్పుడు తప్ప ఆమెతో నాకు పెద్ద పలకరింపు కూడా ఉండేది కాదు. ఆమె పని చేసే చోట ఎన్ని కాన్పులు ఎలా ముగుస్తాయో చూసిన మనిషి. మొదటి కాన్పు భయం ఆమెకూ ఉండే ఉంటుంది. అయినా ఉండనియ్యి అంది. ఆ మాట ఇన్నాళ్లుగా ఆమె దగ్గరా ఖాలా దగ్గరా అలాగే ఉంది. మా ఇంటికి వచ్చి మేం ఇంత చేశాం అని ఎవరూ చెప్పలేదు.

మా అమ్మాయి తఖ్తు అంచున కూర్చుని ఆకుపచ్చ గలేబు మీద చెయ్యి పెట్టింది. కుట్ల వెంట వేలు పోనిచ్చింది. తర్వాత ఏడ్చింది. ఆసుపత్రిలో కూడా అలా ఏడవలేదు. నేనూ ఏడ్చాను. ఆపుకోవాలని కూడా అనిపించలేదు. ఖాలా మాత్రం వెల్లుల్లి బుట్ట దగ్గరికి లాక్కుని మళ్లీ పనిలో పడింది, మేం ఏడ్చినంతసేపు ఏడవనిచ్చింది.

“మెత్త ఇయ్యి ఖాలా,” అంది మా అమ్మాయి చివరికి. ముక్కు చీదుకుంటూ అంది, సరిగ్గా వినపడలేదు కూడా.

“జోర్‌సే బోలో.”

“మెత్త ఇయ్యి.”

“ఆఁ, గట్ల. తీస్కపో.” నా వైపు తిరిగి, “చూసినవా టీచరమ్మా, ఏడ్సుకుంటనే అడిగింది. నీ బిడ్డనే,” అంది. ఇంకో రోజైతే ఊరుకునేదాన్ని కాదు.

ఇంటికి తెచ్చిన మెత్తను అమ్మాయి తన మంచం మీదే పెట్టుకుంది. గలేబు మాత్రం కుట్టలేదు. పుట్టినంకనే అంది. అయితే గుడ్డ ఎంచుకుంది. నేను కాలేజీకి కట్టుకెళ్లిన నేత చీర, చాక్‌పీసు పొడి ఎన్నిసార్లు ఉతికినా పూర్తిగా పోనిది. పేర్లు వద్దన్న మనిషి ఒక సాయంత్రం వాళ్ల నాన్నతో చాయ్ తాగుతూ, ఆడపిల్లయితే ఏం పేరు బాగుంటుందని అడిగింది. ఆయన చాయ్ అంతా తాగి, లోపలికొచ్చి నాకు చెప్పి, అప్పుడు కళ్లు తుడుచుకున్నారు.

వాన పడుతున్న రోజు నొప్పులొచ్చాయి. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ మీద బండ్లు ఆగిపోతే, మా ఆయన ఆటో అతన్ని పక్కకు జరగమని తనే నడుపుతానన్నారు. అతను ఒప్పుకోలేదు. ఇద్దరూ తగువు పడుతుంటే మా అమ్మాయి మధ్యలో నుంచి ఇద్దరినీ కలిపి తిట్టింది. ఆ తిట్లు విన్నాక నాకు గుండె కుదుటపడింది. ఆడపిల్ల పుట్టింది. గొంతు నాదే.

మనవరాలు నేత చీర గలేబు మీద పడుకుని పైకి చూస్తుంటే, నేను దానికి బెరన్, బర్త్, బేర్న్ అని వరసగా వినిపిస్తుంటాను. నా క్లాసులో నిద్రపోయిన మొదటి విద్యార్థి అదే. ఇప్పుడు క్లాసు చెప్పమంటే గోధుమరంగు దాని దగ్గర ఆపను. చివరింటి కోడలి దగ్గర ఆపుతాను. ఆ మాట ఆమెకే చెప్పాలని ఒక రోజు వెళ్లాను. “ఏమో టీచరమ్మా, మంచిగ కుట్టింది గదా అని ఉంచిన,” అంది. ఇంకా ఏమైనా అంటుందేమో అని చూశాను. పాలు పొంగుతున్నాయని లోపలికి వెళ్లిపోయింది.

మొన్న మా గుమ్మం ముందు ఒక అమ్మాయి వచ్చి నిలబడింది. కొత్తగా మా గల్లీలో అద్దెకు దిగినవాళ్లు, మగడు మేస్త్రీ పని చేస్తాడు. నెలలు నిండుతున్నాయి. మెత్త కోసం ఖాలా దగ్గరికి వెళితే, అది ఇంకా టీచరమ్మ ఇంట్లోనే ఉంది, అక్కడే అడగమని పంపిందట. ఎలా అడగాలో తెలియక కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడింది. మా మనవరాలు అప్పటికే కూర్చుని, అందిందల్లా నోట్లో పెట్టుకుంటోంది. దానికి ఇక మెత్త పని లేదు. మా అమ్మాయి కడిగి ఎండబెట్టి, గుప్పెడు ఆవాలు పోసి సిద్ధంగానే పెట్టింది.

“మెత్త ఇస్తవా అక్కా?” అంది ఆ అమ్మాయి.

మా అమ్మాయి తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. ఆ అమ్మాయి అటూ ఇటూ తిప్పి చూసింది. మూతి దగ్గర పొరలు కనపడుతున్నాయి. “ఇవన్ని ఎవరెవరివక్కా?” అని అడిగింది.

నేను కుర్చీలోంచి నోరు తెరిచాను. ఎలా చెప్పాలో, ఎంతవరకు చెప్పాలో, నెలలు నిండిన పిల్లకు ఏది చెప్పకూడదో అన్నీ నాకు తెలుసనుకున్నాను. మా అమ్మాయి నాకంటే ముందే మెత్త మీదికి ఒంగి, ఒక్కో పొరా వేలితో తీసి చూపించింది.

“మీదిది నా చిన్నదానిది,” అంది. “నడుమది చివరింటోళ్ల పిల్లది. ఆ కింద ఆకుపచ్చది నా పెద్దదానిది.”